పెద్దాయన మేసే గోడలు

పెద్దాయన వంతు వచ్చిన రోజున ఆ ఇంట్లో పొద్దున్నే స్వెట్టర్లు ఉతికేవారు. గోడకు తగిలించిన పటం ఎదుట రెండు కుర్చీలు వేసి, వాటి వీపుల మీద తడిబట్టలు పరిస్తే, కాసేపటికే అవి పెళపెళలాడుతూ ఆరిపోయేవి. ఊరంతా పెద్దాయన అని పిలిచే ఆ పటంలోని అడవిదున్న ఊపిరి అంత వెచ్చన. అది విడిచిన ఆవిరి గాజుకు లోపలివైపున పట్టేది కనుక, బయటినుండి ఎంత తుడిచినా పోయేది కాదు.

రాగిరేకు మీద చెక్కి అచ్చుతీసిన చిత్రమది. ఒక కొండవాలు, వాలునిండా గడ్డి, గడ్డిలో ఒక దున్న. ప్రతులు ఇరవై మాత్రమే తీశారు. ఒక్కొక్క దాని అడుగున అది ఇరవైలో ఎన్నవదో పెన్సిలుతో రాసి ఉండేది. ప్రతులు ఇరవై అయినా దున్న ఒక్కటే కావడంచేత, అది ఒక రోజు ఒక ఇంటి పటంలో మేసి, మరునాడు వేరొక ఇంటికి వెళ్ళేది. ఆ పూట తక్కిన ఇళ్ళ పటాలలో కొండవాలూ గడ్డీ మాత్రమే ఉండేవి. బజారులో ఎదురుపడిన ఆడవాళ్ళు, "ఇవాళ పెద్దాయన మీ ఇంట్లోనేనా?" అని అడిగి, అవునంటే తమ దుప్పట్లు కూడా తడిపి తెచ్చుకునేవారు.

ఇంటి యజమాని లిఫ్టుల మెకానిక్కు. పరిమితంగా అచ్చయిన చిత్రాలను సేకరించడం తప్ప అతనికి వేరే వ్యసనం లేదు. పొగమంచు కమ్మిన లోయలు, రెక్కలు విప్పుతున్న బాతులు, తగలబడుతున్న యుద్ధనౌకలు, కూలిన కోటగోడలు అతని గదుల నిండా ఉండేవి. నూలు తొడుగులు వేసుకోనిదే పటాన్ని ముట్టుకునేవాడు కాదు. ఎండ సోకితే సిరా వెలిసిపోతుందని కిటికీలన్నింటికీ మందపాటి తెరలు కట్టించాడు. ఇతరుల ఇళ్ళకు వెళ్ళినా ఊరుకునేవాడు కాదు. బేకరీ ఆయన తన ప్రతిని సరిగ్గా కిటికీకి ఎదురుగా తగిలించాడని, చూసిన ప్రతిసారీ చెవినిల్లు కట్టుకుని పోరేవాడు.

"అందరి ఇళ్ళల్లో పొద్దుగూకేదాకా ఉంటారట. మనింట్లో మాత్రం పెద్దాయన మధ్యాహ్నానికే లేచి వెళ్ళిపోతారు. మర్యాద చాలట్లేదేమోనండీ," అనేది భార్య.

"మొహం ముందు నీ తడి సాక్సులు ఆరేస్తే ఎవరుంటారు?" అనేవాడు అతను.

ఆమె ఊరి ఈతకొలనులో పిల్లలకు ఈత నేర్పేది. అందరూ ఈత పంతులమ్మ అనేవారు. ఆ ఏడు చలి ముదిరేవేళకు ఆమె ఒంటినుండి వేడి తరలిపోసాగింది. ముందు వేళ్ళు కొంకర్లు పోయాయి. తరువాత కొలనులో దిగిన పిల్లలు, "టీచర్, మీ చెయ్యి నీళ్ళకన్నా చల్లగా ఉంది," అని పట్టు వదిలేశారు. ఆమె మంచాన పడింది. ఆమె అక్క పెట్టె సర్దుకుని వచ్చి, రబ్బరు సంచులలో వేడినీళ్ళు నింపి పక్కలో పెట్టడం మొదలుపెట్టింది.

డాక్టరు తన కళ్ళజోడు తీసి ఆమె ముక్కుకు దగ్గరగా పట్టాడు. అద్దం మసకబారలేదు.

"ఊపిరి ఆడుతోంది గానీ అందులో వెచ్చదనం లేదు. ఒంట్లో వేడి నిలవట్లేదమ్మా," అన్నాడు.

"దెయ్యాలే నాకన్నా నయమేమో డాక్టరుగారూ," అంది ఆమె పళ్ళు టకటకలాడుతుండగా.

డాక్టరు మెకానిక్కును గుమ్మం అవతలికి తీసుకువెళ్ళి, "ఇలాగే దిగజారితే ఈ చలికాలం దాటడం కష్టం. గడప దాటించకండి. బయటి గాలి తగిలిందంటే నా చేతిలో ఏమీ ఉండదు," అన్నాడు.

పెద్దాయన వంతు వచ్చిన పూట మాత్రం ఆమె లేచి కూర్చునేది. బుగ్గలకు రంగు వచ్చేది, కాస్త అన్నం తినేది. ఆయన వెళ్ళిపోగానే మళ్ళీ చెక్కలా బిగుసుకుపోయేది. ఒక వంతుకూ మరొక వంతుకూ నడుమ ఆమె దిగిపోతున్న లోతు పెరుగుతూ వచ్చింది. పటాల వ్యసనం ఉన్నవాడికి ఏమి తోచాలో మెకానిక్కుకు అదే తోచింది. ప్రతులన్నీ తన గోడ మీదనే ఉంటే పెద్దాయన మరెక్కడికి వెళ్ళగలడు?

పెద్దాయన పటం తప్ప తన పటాలన్నింటినీ దింపి, బండిలో పేర్చుకుని, మార్పిడికి బయలుదేరాడు.

బేకరీ ఆయన పొగమంచు లోయ తీసుకుని తన ప్రతిని ఇచ్చివేశాడు. "నాకు బట్టీ ఉందిగా. ఆయనొచ్చిన రోజు చెమటలు తప్ప మాకేం ఒరగదు. పంతులమ్మగారికి తగ్గితే అదే చాలు," అన్నాడు. టాక్సీ డ్రైవరు బాతులకు ఒప్పుకున్నాడు. కోటగోడల కోసం ఇద్దరు అన్నదమ్ములు తగవులాడుకున్నారు. బడిలో హెడ్‌మిస్ట్రెస్ మాత్రం కొరకరాని కొయ్యయి కూర్చుంది.

"చిన్నపిల్లలండీ. ఆ కాస్త వెచ్చదనం ఉన్నరోజే వేళ్ళు తిరిగి నాలుగు అక్షరాలు దిద్దుతారు. తీసుకెళ్ళిపోతే నేనేం చెప్పను వాళ్ళకి?"

మెకానిక్కు పిల్లల బల్ల మీద మోకాళ్ళు గడ్డానికి ఆనేలా కూలబడి, వెక్కివెక్కి ఏడ్చాడు. ఆవిడ తానే కుర్చీ ఎక్కి వరండా గోడమీది పటం దింపింది. బదులుగా అతను ఇచ్చిన తగలబడుతున్న యుద్ధనౌక ముందు పిల్లలు చేతులు కాచుకోబోయారు గాని, ఆ మంటలో వేడి లేదు.

కడపటి ప్రతి కూడా ఇల్లు చేరిననాడు మంచం చుట్టూ నాలుగు గోడలకూ పటాలను అంచుకు అంచు ఆనించి తగిలించాడు. వదినగారు నడుము మీద చేతులు పెట్టుకుని చూసింది.

"ఊళ్ళో గోడలన్నీ బోడి చేశావుగా మరిదీ! రేపు నలుగురిలోకి ఏ మొహం పెట్టుకుని వెళ్తావు?"

"మీ చెల్లెలు లేచి నడిస్తే ఏ మొహమైనా చాలు వదినా."

కొండవాలులన్నీ కలిసి ఒకటే వాలయ్యాయి. పెద్దాయన పటం నుండి పటంలోకి అడ్డులేకుండా నడిచాడు. గిట్టల చప్పుడు గది చుట్టూ తిరిగింది. గదిలో ఎంత ఉక్క పుట్టిందంటే, వదినగారు చీర చెంగుతో విసురుకుంది. ఈత పంతులమ్మ దుప్పటి తన్నేసి, పిల్లలను పిలిచే ఈలను అడిగి తీసుకుని, గట్టిగా ఊది నవ్వింది. మెకానిక్కు పటాలు వెలిసిపోకుండా తెరలను ఇంకా దగ్గరికి లాగి, సందులలో గుడ్డలు కుక్కాడు.

ఆ సంతోషం కొద్దిరోజుల ముచ్చటే అయింది. ముందు కిటికీ పక్క పటంలో నేల బయటపడింది. తరువాత తలుపు పక్కవాటిలో. పెద్దాయన ఆగకుండా మేశాడు. మేసినచోట గడ్డి మళ్ళీ మొలవలేదు. ఒక ఉదయం వదినగారు దీపం పట్టుకుని గోడలన్నీ చూసింది. ఇరవై పటాలలోనూ ఎర్రమట్టి తప్ప ఏమీ లేదు. పెద్దాయన లేడు.

ఈత పంతులమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. సాయంత్రానికి ఆమె మాట పెదవుల దగ్గరే ఆగిపోయింది.

"ఏవండీ, కోప్పడ్డారా ఆయన్ని?" అన్న ఆ ఒక్క ప్రశ్ననూ మెకానిక్కు చెవి ఆనించి వినవలసి వచ్చింది.

మరునాడు అతను ఆ చిత్రాన్ని చెక్కిన అచ్చులమ్మ ఇంటికి పరుగెత్తాడు. ఆవిడ వయసు పైబడిన మనిషి. వేళ్ళ సందులలో నల్ల సిరా ఇంకిపోయి ఉండేది.

"ఇంకొక్క ప్రతి తీయండమ్మా. కొత్త గడ్డి ఉంటుంది. ఒక్కటంటే ఒక్కటి!" అని కాళ్ళావేళ్ళా పడ్డాడు.

ఆవిడ అటక మీదినుండి రాగిరేకు దింపి చూపింది. ప్రతుల లెక్క పూర్తి కాగానే మరెవరూ అచ్చు వేయకుండా రేకును గీత పెట్టి చెడగొట్టడం ఆ వృత్తి నియమం. ఆ మూలనుండి ఈ మూలకు లోతైన గీత కొండవాలును చీల్చుకుంటూ పోయింది.

"ఆ గీత పెట్టిననాడే ఆయన వీపున మచ్చ పడింది. చూశావుగా, నీ ఇంటికొచ్చినప్పుడు. ఇక దీంట్లోంచి ఏదీ రాదు నాయనా."

అప్పుడు అతనికి గది వెచ్చగా ఉన్నదని తెలిసింది. తల తిప్పాడు. రెండు కిటికీల నడుమ, ఎండ సూటిగా పడే గోడ మీద, అంకె లేని ప్రతి ఒకటి ఉంది. అచ్చు సరిగా పడుతున్నదో లేదో చూసుకోవడానికి మొదట తీసి, ఆవిడ తనకోసం ఉంచుకున్నది. ఎండకు వెలిసి, వెలిసి, బూడిదరంగుకు వచ్చింది. అందులో మోకాళ్ళలోతు గడ్డి. ఆ గడ్డిలో పక్కటెముకలు తేలిన పెద్దాయన పడుకుని ఉన్నాడు.

"అయ్యో, ఎండలో పెట్టారేమిటండీ! వెలిసిపోదూ?" అన్న మాట అలవాటుకొద్దీ నోరు జారింది.

"ఎండ లేకుండా గడ్డెలా మొలుస్తుందయ్యా?" అంది అచ్చులమ్మ.

మెకానిక్కుకు బేకరీ కిటికీ గుర్తుకు వచ్చింది. బడి వరండా గుర్తుకు వచ్చింది. తన ఇంట్లో కట్టిన తెరలూ, సందులలో కుక్కిన గుడ్డలూ గుర్తుకు వచ్చాయి.

"కావాలంటే పట్టుకెళ్ళు. ప్రాణం కన్నా ఎక్కువా?" అని ఆవిడ పటం దింపి అతని చేతికిచ్చింది.

దానిని గుండెలకు హత్తుకున్నాడు. చొక్కాలోనుండి వేడి తగిలింది. ఈ వేడి ఇప్పుడే, ఈ పూటే, ఆమెకు కావాలి. గుమ్మం దాకా నడిచాడు. కాని ఒక్క వాలులోని గడ్డి ఎంతసేపు? అది అయిపోతే పెద్దాయనకు ఈ లోకంలో మేత లేదు. ఆమెకూ మరొక వంతు లేదు. అతను గుమ్మంలోనే వెనుదిరిగి పటాన్ని తిరిగి ఆ మేకుకే తగిలించాడు.

ఇంటికి వచ్చి మొదట తెరలు పీకివేశాడు. తొడుగులు లేని చేతులతోనే పటాలు దింపి, బండిలో వేసుకుని, ఇచ్చినవారి ఇళ్ళకే తిరిగి మోశాడు. "కిటికీ ఎదురుగా పెట్టండి. ఎండ బాగా పడాలి," అని గుమ్మం గుమ్మానా బతిమాలాడు.

"మొన్నటిదాకా ఎండ తగలకూడదని నా ప్రాణం తోడేశావు కదయ్యా!" అని బేకరీ ఆయన నోరు తెరిచాడు గాని, అతని మొహం చూసి కిటికీ ఎదురుగానే మేకు కొట్టాడు.

తన ప్రతిని అతను మంచానికి ఎదురుగా ఉన్న కిటికీలోనే నిలబెట్టాడు. సిరా ఎండలో వెలవెలబోతుంటే చూస్తూ కూర్చున్నాడు. మట్టి మట్టిగానే ఉంది. వదినగారు రోజూ ఊళ్ళోకి వెళ్ళి వార్త తెచ్చేది. బేకరీలో పటం పచ్చబడిందట. బడిలో పిల్లలు గడ్డి మొలకలు లెక్కపెడుతున్నారట. పెద్దాయన అచ్చులమ్మ ఇల్లు వదిలి కుంటుకుంటూ బేకరీకి చేరాడట. ఇవాళ టాక్సీ డ్రైవరు ఇంట్లోనట.

"వస్తున్నారే, పెద్దాయన వస్తున్నారు. కాస్త పట్టుకో, నా తల్లీ," అని ఆమె చెల్లెలి అరికాళ్ళు రుద్దేది. చెల్లెలు బదులు పలికేది కాదు. డాక్టరు వచ్చి, కళ్ళజోడు ఆమె ముక్కుకు పట్టి, మసకబారని అద్దాన్ని జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

బడిలో మేస్తున్నాడన్న వార్త వచ్చిన మరునాడు, వదినగారు వేడినీళ్ళకు వంటింట్లోకి వెళ్ళింది. మెకానిక్కు భార్యను దుప్పటితో సహా ఎత్తి, ఎండ పడుతున్న కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి, జారిపోకుండా వెనకనుండి పట్టుకున్నాడు. ఆమె తల ముందుకు వాలి, నుదురు పటం గాజుకు ఆనింది. ఎర్రమట్టి మీద ఎక్కడో ఒక పరక లేచినట్టు అతనికి అనిపించింది. నమ్మబుద్ధి కాలేదు. కళ్ళు చెమర్చి ఏదీ ఆనలేదు.

కళ్ళు తుడుచుకుని చూసేసరికి గాజు మసకబారి ఉంది.

అతను ఒట్టి వేళ్ళతో గాజును తుడిచాడు. సగం ఆవిరి చెరిగింది, సగం చెరగలేదు. చెరగని ఆవిరి వెనుక, వీపున మచ్చ ఉన్న నల్లని ఆకారం తల వంచి మేస్తోంది. చెరిగినచోట, ఆమె నోటికి ఎదురుగా, గాజు మళ్ళీ మసకబారింది.

"వదినా!" అని అరిచాడతను. "వదినా, స్వెట్టర్లు తడపండి!"