సువర్ణమ్మ కొండ

చొక్కా మెడకు కాలరు ఆనించి, సువర్ణమ్మ పెడల్ తొక్కింది. మిషన్ బర్రుమంది. నిన్న మిగిలిన ముక్కల్లో అదే ఆఖరిది. గోడ గడియారం తొమ్మిదిన్నర చూపిస్తోంది. ఖాళీగా కూర్చోవడం ఆమె ఒంటికి పడదు. పక్క మిషన్ వెంకటదుర్గ కుట్టిన చొక్కాలు ఒడిలోకి లాక్కుని, వేలాడే దారాలు కత్తిరించసాగింది.

నర్సీపట్నం ఊరి చివర ఆ చొక్కాల ఫ్యాక్టరీలో ఆమెకది పదకొండో ఏడు. అదే ఆఖరి రోజు కూడా. సన్నటి మనిషి, సూది పోట్లకు కాయలు కాసిన వేలికొసలు. యాభై ఎనిమిది నిండాయి, మోకాళ్లు అరిగాయి. పని మానేస్తున్నందుకు ఆమెకు బెంగ లేదు. బెంగల్లా పేరు గురించే. మధ్యాహ్నమయ్యేసరికి ఆమె పక్కన చొక్కాలు తలెత్తున పేరుకుపోయేవి, లైను మొత్తం అక్కడే ఆగేది. దానికి 'సువర్ణమ్మ కొండ' అని పేరు పెట్టారు. కొండలు చూడ్డానికి చింతపల్లి బస్సెక్కనక్కర్లేదు, కొండ ఇక్కడే ఉందని నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది. రోజూ ప్రార్థనలో మాత్రం, "ప్రభువా, నా సేతులికి కాస్త జోరియ్యి" అని అడిగేది.

"సువర్ణమ్మగారూ, బేగి రండి! మీ కొండ కంప్యూటర్లో కూడా మొలిసింది!" అని సూపర్‌వైజర్ తాతాజీ కేకేశాడు.

ఆమె లేచి వెళ్లింది. అతని పక్కన ఇంజనీరమ్మాయి లావణ్య ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. వారం రోజులు ప్రతి మిషన్ దగ్గరా నిలబడి, ఏ పనికెంత సేపో రాసుకుని, ఆ లెక్కలతో తెర మీద ఒక ఉత్తుత్తి ఫ్యాక్టరీ కట్టింది. మిషన్లు గళ్లు, చొక్కాలు చుక్కలు. ఎనిమిది గంటల పని రెండు నిమిషాల్లో పరుగెడుతుంది. ఏది ఎలా మార్చాలో నిజం మిషన్లను కదపకముందే తేలిపోతుంది. చుక్కలన్నీ వచ్చి ఒక గడి ముందు గుట్టపడ్డాయి. గడి ఎర్రబడింది.

"అది నానేనా అమ్మా?" సువర్ణమ్మ ఆ గడిని వేలితో చూపించింది. కంప్యూటరూ అదే మాటంటే ఇంక ఎవరితో చెప్పుకుంటుంది?

లావణ్య బొమ్మను పొద్దుటి నుంచి మళ్లీ నడిపించింది. "ఇక్కడ చూడండి. తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా మీ గడి ఖాళీ. ఏ కాలరు ఏ చొక్కాదో నంబర్లు చూసి జతచేసే బల్ల దగ్గర రెండొందలు పోగయ్యాక గాని మీకు పంపట్లేదు, అవన్నీ ఒక్కసారే వచ్చి మీ పక్కన గుట్టపడుతున్నాయి. అప్పటిదాకా మీరేం చేస్తారండీ?"

దొంగతనం బయటపడ్డట్టు ఆమె తల దించుకుంది. "ఊరికే కూకుంటే ఏటి బాగుంటాదని... దుర్గ చొక్కాలకి దారాలు కత్తిరిస్తానమ్మా. నా పని కాదు. తప్పైతే..."

"మీ చేతులు ఆడుతుంటే, మీకు పని రాలేదని ఎవరికి తెలుస్తుందండీ? కుట్టే వేగంలో లైనంతటికీ మీరు రెండోవారు."

లావణ్య రెండొందలు తీసేసి పది అని కొట్టింది. చుక్కలు బారులు తీరి సాగిపోయాయి. గడి పచ్చబడింది. తాతాజీ బుర్ర గోక్కున్నాడు. ఆ బల్ల అతనిదే. "లెక్క సులువని అలా సేసేనండీ. తప్పయిపోనాది" అన్నాడు.

సువర్ణమ్మకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పదకొండేళ్లుగా నెత్తిన ఉన్న తట్ట ఎవరో దించినట్టయింది. ప్రభువు ఎప్పుడో ఇచ్చేసిన జోరునే ఇన్నాళ్లూ అడుగుతూ కూర్చుంది.

మధ్యాహ్నం నుంచి చొక్కాలు పదేసి చొప్పున వచ్చాయి. ఆమె పదేసి చొప్పున పంపేసింది. పక్కన ఏదీ పేరుకోలేదు.

సాయంత్రం బెల్లు కొట్టారు. "ఇంకో ఏడాది ఉండిపో పిన్నీ" అంది వెంకటదుర్గ.

"సాలమ్మా. ఇప్పుడైతే తేలిగ్గా ఎల్తాను."

గేటు దాటి ఆటో ఎక్కబోతుంటే దుర్గ పరుగెత్తుకొచ్చింది. "పిన్నీ, స్టూలు మీద నీ మెత్త మర్సిపోనావు!"

"మర్సిపోలేదే. ఆ స్టూలు కురస. నా బదులు సోమారం వచ్చే పిల్లకి నడుం పట్టేస్తాది."

ఆటో కదిలింది. లోపల లైట్లు ఆర్పేశారు. స్టూలు మీద, పనికిరాని కాలర్లు కుక్కి కుట్టిన నీలం మెత్త, నడిమధ్య చిన్న గుంటతో అలాగే ఉంది.