బుల్లయ్య కూతురు విసిరిన కుండలు

పొదిలిలో కుమ్మరి బుల్లయ్య పొద్దున్నే సారె తిప్పి కుండలు చేసేవాడు. కూతురు తేజశ్రీ వాటిని నీడన ఆరబెట్టి, ఊరి బయటికి తీసుకెళ్ళి తూర్పుకి విసిరేది. గంటన్నరకల్లా అవి లోకం చుట్టి పడమట నుంచి ఎర్రగా కాలి వచ్చేవి. కుండలు కాల్చే ఆవం పొగ దగ్గరికి మళ్ళీ వెళ్తే బుల్లయ్య బతకడని డాక్టరు చెప్పినప్పట్నుంచీ ఇదే ఏర్పాటు.

ఒక్కటే చిక్కు. వచ్చిన కుండల్లో చాలామటుకు నేలకి గుద్దుకుని పగిలేవి. అదీ రైతు రసూల్ మిరపకల్లంలోనే.

"ఏరా బుల్లయ్యా, మళ్ళీ నా కాయల్లో పెంకులు!" అని రసూల్ కేకేసేవాడు.

"ఇట్టాగైతే ఆవం వెలిగించాల్సిందేరా," అన్నాడు బుల్లయ్య ఓ రోజు దగ్గుతూ. తేజశ్రీ వెంటనే అగ్గిపెట్టె దాచేసింది.

1998 మార్చి అది. ఆ వారమే హైస్కూల్లో సైన్సు మాస్టారు ప్రేమ్‌చంద్ స్పేస్ షటిల్ గురించి చెప్పారు. "మనుషులతో వెళ్ళి, తిరిగొచ్చి, మళ్ళీ వెళ్ళే ఓడ అది. పైన కూడా భూమి దాన్ని లాగుతూనే ఉంటుంది, అది పడుతూనే ఉంటుంది. కాకపోతే సెకనుకి ఏడెనిమిది కిలోమీటర్లు పక్కకి దూసుకుపోతుంది కదా, అది పడేంతలో కింద నేలా గుండ్రంగా వంగిపోతుంది, అందుకే నేలకి తగలదు."

"మా కుండలూ అంతేనండి. దిగేటప్పుడే పగుల్తున్నాయి," అంది తేజశ్రీ.

మాస్టారు ఆలోచించారు. "నిలువునా పడుతున్నట్టున్నాయమ్మా. షటిల్ అయితే దిగబోయే ముందు వెనక్కి తిరిగి, ఇంజను కాసేపు మండించి వేగం తగ్గించుకుంటుంది. తర్వాత ముక్కు పైకెత్తి, పొట్టతో గాల్లోకి దిగుతుంది. గాలే దానికి బ్రేకు. ఆ వేడికి తట్టుకోవడానికి పొట్టకింద ఇసుకతో చేసిన పెంకులుంటాయి, వాటి నిండా గాలే. ఆఖర్న ఇంజను లేకుండా, రెక్కల మీద గద్దలా జారుతూ దిగుతుంది."

ఆ సాయంత్రం తేజశ్రీ, కాలాక లోపల గాలి గూళ్ళు మిగిలేలా మట్టిలో ఊక కలిపి, ఓ పెద్ద బానకి వెడల్పాటి పొట్టా రెండు రెక్కలూ పెట్టింది.

"ఇదేం బానే?" అన్నాడు బుల్లయ్య. అంటూనే తడిచేత్తో రెక్కల అంచులు నున్నగా దిద్దాడు. "బరువంతా వెనక్కుంది. ముక్కున కాస్త మట్టి వెయ్యి."

బాన ఆరాక విసిరింది. అది కనుమరుగయ్యాక తల్లి వెంకటరావమ్మ పరుగున వచ్చింది. "నా కోడిపెట్టేదే? గుడ్డు పెట్టడానికి ఆ బానలోనే కూచుంది గదే!"

తేజశ్రీ మిరపకల్లానికి పరుగెత్తింది. రసూల్ కూడా వచ్చి పడమటికేసి చూస్తూ నిలబడ్డాడు. ఎట్టకేలకు ఎర్రటి చుక్క కనిపించింది. పొట్ట నిప్పుకణికలా వెలుగుతూ వచ్చింది, చల్లారింది, పత్తిచేల మీద నిదానంగా ఓ వంపు తిరిగి, ఎండుమిరపకాయల మీద జారి ఆగింది.

పగల్లేదు. పెట్ట బయటికొచ్చి, ఒళ్ళు విదిలించుకుని, ఊరంతా వినపడేలా కొక్కొక్కొమని అరిచింది. లోపల గుడ్డుంది.

"ఒక్క కాయ చితికితే ఒట్టు!" అన్నాడు రసూల్.

మర్నాడు అదే బానని మళ్ళీ విసిరితే మళ్ళీ అలాగే దిగింది. ఆ తర్వాత కుండలన్నిటికీ రెక్కలొచ్చాయి. కొన్నవాళ్ళు వాటినే పిడులుగా పట్టుకునేవాళ్ళు. ఆవం మీద గడ్డి మొలిచింది. వానలు పడేనాటికి బుల్లయ్య దగ్గు పోయింది.

సంతలో ఎవరైనా కుండ తిప్పి చూసి, "ఎక్కడ కాల్చావయ్యా, ఇంత ఎరుపు!" అంటే, అతను గుండెల నిండా గాలి పీల్చుకుని, సంత ఆ చివరిదాకా వినపడేలా చెప్పేవాడు:

"మా అమ్మాయి విసిరిందండీ!"