కల్లం మీద పరాయి మబ్బులు

పర్చూరు దగ్గర ఒక పల్లెలో యలమంద అనే రైతు ఉన్నాడు. పొద్దున లేస్తే అతనికి రెండు పనులు. కల్లంలో ఎండబోసిన మిరపకాయల మీద కప్పిన టార్పాలిన్ పట్టాలు తీయడం, ఆ పట్టా అంచు మీదే కూర్చుని తన బ్లాగును నిన్న ఎంతమంది చూశారో ఫోన్లో చూసుకోవడం.

బ్లాగు పేరు 'మిరపాకు'. అందులో మిరప తెగుళ్లు తప్ప మరో సంగతి ఉండదు. ఆకు ఎందుకు ముడుచుకుంటుంది, పూత ఎందుకు రాలుతుంది, ఏ పురుగు ఎక్కడ దాక్కుంటుంది, ఇవే. ఆరేళ్లుగా తెలుగులోనే రాస్తున్నాడు. ఊళ్లో ఒక్కరూ చదవరు. చదివేవాళ్లంతా ఎక్కడెక్కడో ఉన్నారు. నార్వేలో ఇద్దరు, బ్రెజిల్లో నలుగురు, జపాన్లో ఒకావిడ. ఫోన్లోనే అనువాదం చేయించుకుని చదువుతారు.

ఎవరు చదివితే వాళ్ల ఊరి వాతావరణం యలమంద కల్లం మీదికి వస్తుంది. నార్వే ఆయన చదివితే పలచగా తెల్లటి మంచు రాలుతుంది. జపాన్ ఆవిడ తీరిగ్గా చదివితే సన్నటి జల్లు. అది కల్లం గట్టు దాటి రాదు కాబట్టి ఊళ్లో ఎవరికీ పట్టింపు లేదు. పక్క కల్లం బుల్లయ్య అయితే రోహిణి ఎండల్లో మంచం తెచ్చుకుని మరీ ఇక్కడే పడుకుంటాడు.

కానీ ఇప్పుడు మార్చి నెల. ఏడాది పంటంతా నేల మీద పరిచి ఉంది. ఇంకో వారం ఎండాలి. తడిస్తే బూజు పడుతుంది, ఎరుపంతా పోయి తాలుకాయ అవుతుంది. పోనీ పగలు కూడా కప్పి ఉంచుదామంటే, పట్టా కింద ఉడికి కాయ నల్లబడుతుంది.

"ఏరా యలమందా, మీ నార్వే వాడికి నిద్ర పట్టడం లేదా? తెల్లారకముందే మంచు పోశాడు," అన్నాడు బుల్లయ్య, కాళ్లతో తన కాయలు తిరగేసుకుంటూ.

"నిన్న సింగపూర్ నుంచి నాలుగొందల మంది వచ్చార్రా."

"ఒక్క చినుకన్నా పడిందా?"

"లేదు."

"అయితే మనుషులు కారు, మిషన్లు. మిషన్లకు ఎండేంది, వానేంది."

యలమందకు నవ్వు రాలేదు. ఒకప్పుడు అంకె పెరిగితే పొంగిపోయేవాడు. ఇప్పుడు ఒకటి పెరిగినా తలెత్తి ఆకాశం వంక చూస్తున్నాడు. అన్నం దగ్గర కూడా ఫోన్ కింద పెట్టడం లేదు.

"కాయ బస్తాల్లోకెక్కేదాకా ఆ బ్లాగును మూసి పెట్టయ్యా," అంది భార్య గురవమ్మ. మూశాడు. మూడు రోజులు మన ఎండే కాసింది.

నాలుగో రోజు ఆఫ్రికాలోని ఎడారి దేశం నమీబియా నుంచి సెల్మా అనే ఆవిడ మెయిల్ పంపింది. "మా మిరప ఆకులు పైకి ముడుచుకున్నాయి. మీ ఫొటోతో పోల్చుకుని నల్లి మందు కొట్టాను. తగ్గలేదు. సగం తోట పోయింది. మిగతా సగాన్ని ఏం చేయమంటారు?"

యలమంద గబగబా బ్లాగులో ఆ ఫొటో తెరిచి చూశాడు. ఆకు అంచులు పైకి లేచి దోనెలా ఉంటే తామర పురుగు. కిందికి వంగి బోర్లించిన పడవలా ఉంటే నల్లి. దాని మందు దీనికి పనిచేయదు. మిరప వేసే ఊళ్లలో పిల్లల్ని అడిగినా చెబుతారు. అప్పట్లో తను నల్లి పట్టిన ఆకును కోసి, అరచేతిలో తిరగేసి పెట్టుకుని ఫొటో తీశాడు. కిందికి వంగాల్సింది పైకి లేచినట్టు కనబడుతోంది. రాసిన మాటలు సరిగానే ఉన్నాయి. కానీ పరాయి భాష వాళ్లు బొమ్మనే నమ్ముతారు కదా.

"ఆవిడొక్కదానికి రాసెయ్. అందరి కోసం తెరవడమెందుకు?" అంది గురవమ్మ.

"ఆవిడకు రాశాలే. కానీ ఆ ఫొటోను నూట పదమూడు మంది చూశారు. మిగతా నూట పన్నెండు మంది ఎవరో నాకు తెలియదు. నా దగ్గర అంకె ఉంది, అడ్రసుల్లేవు."

గురవమ్మ కాయల వంక చూసింది. నడుం పడిపోయేలా వంగి కోసిన కాయలు. "తడిస్తే?"

అతను పట్టాల వైపు నడిచాడు. ఆమె కొంగు బిగించి దోపుకుని పట్టా చివర పట్టుకుంది. "సరే, తెరువు. ఏది వస్తుందో చూద్దాం."

తప్పు తనదేనని మొదటి వాక్యంలోనే రాసి, సరైన ఫొటో పెట్టి, పది గంటలకు బ్లాగు తెరిచాడు. తొమ్మిది మంది వచ్చారు. పదిహేడు. నలభై. కల్లం మీద మబ్బులు ఒకదాన్నొకటి తోసుకుంటూ చేరాయి. ముందు మంచు రేకులు రాలాయి, వెనకే చినుకులు. కాయల మీద టపటపమని చప్పుడు. బుల్లయ్య తన పట్టా కూడా మోసుకొచ్చాడు. ముగ్గురూ కలిసి లాగినా సగం కల్లమే కప్పగలిగారు.

అప్పుడు ఫోన్లో నమీబియా పక్కన ఒకటి అంకె పడింది. వేడిగాలి ఒకటి కల్లం మీదుగా సాగి వచ్చింది, ఇసుక వాసనతో. చూస్తుండగానే మబ్బులన్నీ లేచిపోయాయి. ఎటు పోయాయో ఎవరూ చూడలేదు. సెల్మా ఆరేళ్ల రాతలూ మొదటి నుంచి చదువుతోంది. రెండు రోజులు చదివింది. ఆ రెండు రోజులూ కల్లం మీద ఆ ఎండే నిలబడింది. మూడో రోజు గురవమ్మ గుప్పెడు కాయలు తీసి ఊపితే లోపల గింజలు గలగలమన్నాయి. ఆ మధ్యాహ్నమే బస్తాలకెత్తారు.

సాయంత్రం సెల్మా మళ్లీ రాసింది. యలమంద బస్తా మీద కూర్చుని గురవమ్మకు, బుల్లయ్యకు చదివి వినిపించాడు.

"మందు మార్చాను. మూడేళ్లుగా వాన లేక, ఈ తోట కూడా పోతే ఊరు వదిలి వెళ్దామనుకున్నాం. మొన్నటి నుంచి రెండు రోజులు ఆగకుండా కురిసింది. బావి సగానికి వచ్చింది. ఇక వెళ్లడం లేదు. నీళ్లు మాత్రం కాస్త కారంగా ఉన్నాయి. మేకలు తుమ్ముకుంటూనే తాగుతున్నాయి."