రోజుకు నలభై చెట్లు

లోవరాజుకి ఐదొచ్చిందంట. నాలుగు దాటితే మనిషి ఏడాది తిరక్కుండా పోతాడంట. నర్సు చేతిలో ట్యాబు మీద ఎర్రగా పడడం పైడమ్మ కళ్ళారా చూసిందంట. చేపలగంప నెత్తి మీంచి దించకుండానే పైడమ్మ వీధి చివర వదిలిన ఈ మాట నాలుగిళ్ళు తిరిగి, తెల్లారేసరికి పెద్దింట్లమ్మ చెవిన పడింది. విన్నది విన్నట్టు ఆవిడ తన మొగుడు లోవరాజుకే అప్పజెప్పింది.

లోవరాజు అప్పుడు పెరట్లో గొంతుక్కూర్చుని బంధం తడుపుతున్నాడు. కొబ్బరిచెట్టు ఎక్కేటప్పుడు రెండు పాదాలకీ తగిలించుకునే తాడు అది. ఎండిపోతే జారుతుంది, మరీ నానితే సాగుతుంది. ఎంత తడపాలో అతని బొటనవేలికే తెలుసు. పద్నాలుగో ఏట మొదటి చెట్టెక్కేడు. ఇప్పుడు యాభై మూడు. రొమ్ము మీద చర్మం తాబేటి డిప్పలా మొద్దుబారింది. పాదాల లోపలి అంచున కాయలు కాసిన చోట కత్తి గీసుకున్నా నెత్తురు రాదు. ఊళ్ళో ఏ ఇంటి మీద పెంకు లేచిపోయిందో, వశిష్ఠ గోదావరి ఏ రోజున ఎర్రబడిందో అందరికంటే ముందు తెలిసేది అతనికే. కిందికి దిగేక మాత్రం అతని వంక ఎవరూ పనిగట్టుకుని చూసేవారు కాదు.

"ఐదంటే ఏంటి?" అన్నాడు.

"నాకేం తెలుసు? వీర్రాజు గారు కబురంపేరు. వాళ్ళ తోటలో నువ్వింక ఎక్కొద్దంట. పైనుంచి పడితే ఆయన పీకకి చుట్టుకుంటాదంట."

లోవరాజు చెయ్యి ఆగిపోయింది. చెట్టెక్కని లోవరాజు ఎలా ఉంటాడో అతనికి తోచలేదు. తడి బంధం భుజాన వేసుకుని తిన్నగా ఆరోగ్య కేంద్రానికి నడిచేడు.

మొన్న ఇంటింటికీ వచ్చి ప్రశ్నలడిగి, జవాబులు ట్యాబులో నొక్కుకెళ్ళిన నర్సు సత్యప్రియ ఒక్కతే ఉంది అక్కడ.

"ఐదంటే రోగం కాదండి బాబాయ్ గారూ, చావు అసలే కాదు," అంది. "నాలుగు దాటినోళ్ళని ముందు పిలిచి పరీక్ష చెయ్యాలని గుర్తు, అంతే. మీ వయసుకి మూడు మార్కులు. అప్పుడప్పుడు చుట్ట కాలుస్తానన్నారు, దానికొకటి. వ్యాయామం లేదన్నారు, దానికొకటి."

"నేనెప్పుడన్నానమ్మా?"

"చేస్తారా అనడిగితే, జన్మలో ఎరగనన్నారు కదండీ."

లోవరాజు బంధం తీసి ఆమె బల్ల మీద పెట్టేడు. "వ్యాయామమంటే, మాస్టారు గారు పొద్దున్నే తెల్లబూట్లేసుకుని కాలవగట్టు మీద చేతులూపుకుంటూ నడుస్తారే, అదనుకున్నాను. నేను రోజుకి నలభై చెట్లెక్కుతాను తల్లీ. అది ఏ గడిలో రాసేవు?"

సత్యప్రియ నాలిక కరుచుకుంది. "ఒళ్ళు అలిసే పనేదైనా అందులోకే వస్తాదండి. నేనే అలా విడమర్చి అడగలేదు. ఆ ఒకటి తీసేస్తే మీకు నాలుగే. కానీ ట్యాబులోది పైకి వెళ్ళిపోయిందండి, నా చేతిలో లేదు."

"పైనున్నది దించడమే కదా నా పని! ఆ గడి ఏ చెట్టు మీదుందో చెప్పు."

ఆమె నవ్వుతూనే అతని జబ్బకి పట్టీ చుట్టింది. అంకె చూసేక నవ్వు ఆగింది. మళ్ళీ చుట్టి మళ్ళీ చూసింది.

"బీపీ బాగా ఎక్కువుందండి. నాలుగైనా ఐదైనా ఇది మాత్రం ఉంది. రాజోలు పెద్దాసుపత్రిలో గుండె చూపించుకోండి. అందాకా ఎక్కకండి."

"ఆయ్, శుక్రవారం వెళ్తాను. ముందు నా సంగతి సరిగ్గా రాయి."

చీటీ మీద ఐదు కాదు నాలుగని రాసి, బీపీ రాసి, ఎక్కవద్దని రాసి, అతను కదలకపోయేసరికి అడుగున నీలం సిరాతో మరో వరుస రాసింది: రోజుకు నలభై చెట్లు ఎక్కును. అతను దాన్ని రెండుసార్లు చదివించుకున్నాడు. చదువుకున్నవాళ్ళ కాగితం మీద అతని బతుకు పడడం అదే మొదలు.

తోటలో వీర్రాజు గారు లారీ పక్కన అటూ ఇటూ తిరుగుతున్నారు. కాయ ముదిరిపోయింది, దింపుకి ఇంకో మనిషి దొరకలేదు. చీటీ పైనుంచి కింద దాకా చదివి, మడిచి ఇచ్చేసేరు.

"నాలుగేనన్నమాట. అయితే ఎక్కరా."

లోవరాజు ఎక్కేడు. ఆ రోజు నలభై ఒకటి ఎక్కేడు. ఆ ఒక్కటీ ఎందుకో ఎవరూ అడగలేదు గానీ, దిగేక మాస్టారు గారు నడిచే కాలవగట్టు కేసి చూసి ఉమ్మేసేడు.

పొద్దు వాలకముందే ఇల్లు చేరి, బంధం చూరుకింద మేకుకి తగిలించేడు. చీటీ దాని ముడిలో దోపేడు. కాళ్ళు కడుక్కుని, నాలుగేగా ఎక్కమన్నారు వీర్రాజు గారని పెళ్ళాంతో చెప్పి, టీ పెట్టమని అరుగు మీద వాలేడు. పెద్దింట్లమ్మ గ్లాసు తెచ్చి పిలిచింది. భుజం కదిపింది. గ్లాసు పక్కన పెట్టి, అతని కాళ్ళ దగ్గర అలా కూలబడిపోయింది.

వాకిలి జనంతో నిండేక వీర్రాజు గారు వచ్చేరు. "ఎక్కొద్దని కబురంపేను, విన్నాడు కాదు," అన్నారు అందరికీ వినపడేలా. "ఐదొచ్చిన మనిషి అంత ఒళ్ళలుపు పడొచ్చా?"

పైడమ్మ ముక్కు చీదుతూ తలూపింది. పెద్దింట్లమ్మ తలెత్తింది. కళ్ళలో తడి లేదు.

"కాయ దింపడానికైతే నాలుగు, చచ్చిపోయేక ఐదా అండీ వీర్రాజు గారూ?"

చూరుకింద బంధం రెండు పాదాల వంపుతో వేలాడుతోంది. ముడిలో చీటీ చెమ్మకి మెత్తబడింది గానీ, అడుగున నీలం వరుస ఇంకా చెరగలేదు.