ఐదో ఇంటికి పొంగని పాలు

పలమనేరు దాటి కొండ వైపు మళ్ళితే, మామిడితోపులో ఐదు చిన్న ఇళ్ళు కనిపిస్తాయి. సెలవులకు వచ్చేవాళ్ళకు అద్దెకిచ్చే ఇళ్ళు. చిత్తూరులో బట్టలంగడి నడిపిన ధనశేఖర్, రూపశ్రీ దంపతులు వాటిని కొని మూడు నెలలైంది. పొద్దున లేస్తూనే రూపశ్రీ దుప్పట్లు మారుస్తుంది. ధనశేఖర్ కొళాయిలు తిప్పి వేడినీళ్ళు వస్తున్నాయో లేదో చూస్తాడు. తోటమాలి మునిరామయ్య ఐదో ఇల్లు ఎటు తిరిగిందో చూసొస్తాడు.

ఎండాకాలం చెరువు వైపు, చలికాలం ఎండ వైపు తిరగడం ఆ ఇంటికి అలవాటు. అమ్మేటప్పుడు పాత యజమాని మోటారు, మంచాలతో పాటు ఆ సంగతీ కాగితంలో రాయించాడు. అయితే కొత్తవాళ్ళు వచ్చిన వారానికే అది వెనకున్న బండకు మొగం పెట్టి నిలిచిపోయింది. తలుపు తెరవడానికి బెత్తెడు సందు కూడా లేదు.

"ఈ పొద్దూ బండకేనా?" అని అడిగేవాడు ధనశేఖర్.

"బండకే నాయనా."

"ఏం చెప్పి తిప్పించినావప్పా దాన్ని?"

మునిరామయ్య నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వే ధనశేఖర్‌కు ముల్లయింది. అంగట్లో పదేళ్ళు కూర్చున్న మనిషి; ఎవరు కొనడానికొచ్చారో, ఎవరు కొంగులో దాచడానికొచ్చారో నడక చూసి చెప్పేవాడు. పైగా రోజూ పొద్దున వచ్చే పాలల్లో ఒక చెంబు తగ్గుతోంది. పాత యజమాని ఈ ముసలాయన్ను కావాలనే ఇక్కడ వదిలిపోయాడా? ఇల్లు మూతబడితే మళ్ళీ తనే కొనుక్కోవచ్చనా?

"నీకు అందరూ దొంగలే కనబడతారు," అంది రూపశ్రీ. "ఆయనకు ఈ తోట తప్ప యాడుండాది?"

ధనశేఖర్ వినలేదు. పాలు పెట్టే ఫ్రిజ్జుకు తాళం కొనుక్కొచ్చాడు. అది వేసే ముందు, ఒకరోజు తెల్లవారగానే మునిరామయ్య వెనకే నడిచాడు.

ఐదో ఇంటి పక్కన మూడు రాళ్ళు, కింద పుల్లల మంట, పైన పాలచెంబు. ముసలాయన గొంతుక్కూర్చుని ఊదుతున్నాడు.

"ఇంటికి లంచమా!" అని అరిచాడు ధనశేఖర్. "నా పాలే పోసి నా ఇంటిని నీవైపు తిప్పుకుంటా ఉండావా? మొదటి బస్సుకే ఈడ్నించి పో!"

మునిరామయ్య తాళంచెవుల గుత్తి అరుగు మీద పెట్టి, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని రోడ్డు వైపు నడిచాడు.

కేకలు విని రూపశ్రీ వచ్చింది. మూడు రాళ్ళూ చెంబూ చూసి నిలబడిపోయింది.

"గృహప్రవేశం రోజు ఇది దక్షిణానికి తిరిగుండె, గ్యాపకముందా? దీనికి తర్వాత పొంగిద్దామని నాలుగిళ్ళకే పాలు పొంగించి పోయినాడు అయ్యవారు. మనం మరిసేపోతిమి."

"ఆ మాట మునిరామయ్యే చెప్పొచ్చు గదా?"

"శుభకార్యంలో లోపముందని నోటితో ఎట్లంటాడు? పెద్దాయన."

ఆమె మంట ఎగదోసింది. పాలు అంచుదాకా లేచి, పొంగకుండానే దిగిపోయాయి. ధనశేఖర్ మంట ఊదాడు. మళ్ళీ లేచి, మళ్ళీ దిగాయి. అప్పుడు ఇల్లు కిర్రుమంది. బండను వదిలి మెల్లగా తిరిగి, రోడ్డుకు ఎదురుగా ఆగింది. దాని గడపకు సూటిగా, దూరాన, మోరీ గట్టు మీద బస్సు కోసం కూర్చున్న మునిరామయ్య కనిపించాడు.

ధనశేఖర్ చెప్పులు లేకుండానే పరిగెత్తాడు. బస్సు అప్పటికే మలుపు తిరుగుతోంది.

"నువ్వే చెప్పినావా దానికి, నీ తట్టు తిరగమని?" అన్నాడు రొప్పుతూ. అనుమానం అంత తొందరగా పోతుందా!

"అది నా మాట వింటే, పొంగని పాలు రోజూ ఎందుకు పారేస్తా నాయనా?"

ధనశేఖర్ ఆగిన బస్సును పొమ్మని చెయ్యూపి, ముసలాయన చెయ్యి పట్టుకుని, "తప్పయింది. రాప్పా, పాలు కాగిపోతా ఉండాయి," అన్నాడు.

ముగ్గురూ చుట్టూ కూర్చున్నాక చెంబు నాలుగు వైపులా పొంగింది.

ఐదో ఇల్లు ఇప్పుడు మళ్ళీ చెరువుకూ ఎండకూ తిరుగుతోంది. ఫ్రిజ్జుకు కొన్న తాళం ఆ ఇంటి తలుపుకు వేశారు. చెవి మునిరామయ్య మొలతాడుకు ఉంటుంది. ఆయన ఎప్పుడైనా సంతకు పోతే మాత్రం ఇల్లు రోడ్డు వైపు తిరుగుతుంది. ఆరోజు దాన్ని ఎవరికీ అద్దెకివ్వరు. ధనశేఖర్ దాని అరుగు మీదే కూర్చుని, మునిరామయ్య ఏ బస్సు దిగుతాడోనని చూస్తుంటాడు.