ఎడమ వెనక చక్రం

ఆరేళ్ళప్పటి నుంచీ ఆ సీటు తమాకిదే. వాళ్ళ నాన్న కునిహికో షెడ్డులో ఏ బండి బాగుచేసినా, హైవే మీదికి తీసుకెళ్ళి చూసేటప్పుడు పక్క సీట్లో తమాకి ఉండి తీరాలి. వేగం ఎనభై దాటగానే ఆయన ఒకటే మాట అడిగేవాడు.

"నీకు కూర్చున్న చోట తెలుస్తోందా, తల్లీ?"

స్టీరింగు వణికితే ముందు చక్రాల జబ్బు, సీటు వణికితే వెనక చక్రాల జబ్బు. స్టీరింగు సంగతి నాన్న చేతులు చూసుకునేవి. సీటు సంగతి తమాకి చెప్పాలి. కళ్ళు మూసుకుని నడుముతో వినేది. బడిలో పేరు పెట్టి పిలిస్తేనే ముఖం ఎర్రబడే పిల్ల, ఆ సీట్లో మాత్రం తడుముకోకుండా జవాబు చెప్పేది.

ఆకులు రాలే రోజుల్లో నత్సుహో వచ్చింది. అమ్మ చెల్లెలి కూతురు, తమాకి కన్నా నాలుగేళ్ళు పెద్దది. దక్షిణాన కగోషిమాలో పుట్టి పెరిగింది, మంచు అంటే క్యాలెండర్లో బొమ్మే. మెకానిక్ చదువు పూర్తిచేసి "పెదనాన్నా, నీ దగ్గర పని నేర్చుకుంటా" అని సంచీ భుజాన వేసుకుని ఉత్తరాన టొకాచి దాకా వచ్చేసింది. మొదటి వారంలోనే పక్క సీట్లో ఎక్కి కూర్చుంది. అది ఎవరిదో అడగాలని కూడా తనకు తోచలేదు. నాన్న తాళం తిప్పి బండి తీశాడు. తమాకి వెనక సీట్లోకి వెళ్ళింది. కొన్నాళ్ళకు వెళ్ళడమే మానేసింది.

అన్నం దగ్గరా వాళ్ళిద్దరి మాటలే. బేరింగులు, బెల్టులు, బుష్షులు. నత్సుహో చేతులకు అంటిన గ్రీజు చూసినా తమాకికి కడుపు మండేది. పన్నెండేళ్ళు ఆ షెడ్డులోనే తిరిగినా తన చేతికి ఇచ్చింది నేల తుడిచే కర్ర మాత్రమే.

చలి బాగా ముదిరాక ఒక సాయంత్రం టోఫు కొట్టు హిసాయె అవ్వ తన చిన్న వ్యాను తెచ్చి షెడ్డు ముందు ఆపింది.

"నాయనా కునిహికో, బండికి మలేరియా పట్టుకుంది. పొద్దున్నే హైవే ఎక్కానో లేదో ఒకటే వణుకు. ఒబిహిరో పట్నం చేరేసరికి టోఫు ముక్కలు చెక్కలు. ఇలా చూడు." తొట్టి మూత తీసి చూపించింది. నీళ్ళలో తెల్లటి సోయా జున్ను ముక్కలు పిండిలా తేలుతున్నాయి.

కునిహికో నవ్వి నత్సుహో వైపు తిరిగాడు. "ఈ బండి నీది. నేను వేలు పెట్టను."

తమాకి గుండెలో ఎవరో గిల్లినట్టయింది. నాన్న ఆ మాట తనతో ఒక్కనాడూ అనలేదు.

రాత్రంతా బండి షెడ్డులో, కిరోసిన్ పొయ్యి వెచ్చదనంలో ఉంది. తెల్లారాక నత్సుహో నాలుగు చక్రాలూ విప్పి బరువు సరిచూసే మిషను మీద తిప్పింది. తేడా ఏమంత లేదు. అయినా చిన్న చిన్న సీసం ముక్కలు అంటించి సరిచేసింది. హైవే మీద తొంభై, వంద దాకా తోలి చూసింది. వ్యాను నున్నగా పోయింది.

"బాగైపోయింది అవ్వా!"

రెండు రోజులకే అవ్వ మళ్ళీ వచ్చింది. "బాగైపోయింది నా బండి కాదు, నీ నోరు. ఈసారి ఇంకా ఎక్కువ ఊగింది. చలికాలం టైర్లు బిగించింది నువ్వేగా?"

నత్సుహో ముఖం పాలిపోయింది. తమాకి తలుపు చాటున నిలబడి వింటోంది. లోపల ఏదో తియ్యగా అనిపించింది, వెంటనే సిగ్గేసింది. కానీ ఆ తియ్యదనం పోలేదు.

మర్నాడు పొద్దున నిద్ర పట్టక అందరికన్నా ముందే లేచి నేల తుడుస్తుంటే చూసింది. మంచులో తిరిగొచ్చిన బండి కింద నీళ్ళు ఉండడం మామూలే. కానీ మూడు చక్రాల కింద చారెడేసి నీళ్ళుంటే ఎడమ వెనక చక్రం కింద మడుగు కట్టింది. తమాకి కర్ర పట్టుకుని అలాగే నిలబడిపోయింది. చక్రం లోపలి అంచున గడ్డకట్టి ఇరుక్కున్న మంచు! ఒకవైపే అంత బరువుంటే, వేగం పెరిగేసరికి చక్రం కొట్టుకోకుండా ఎలా ఉంటుంది? రాత్రి వెచ్చదనానికి అది కరిగిపోతుంది. పొద్దున ఎంత వెతికినా జబ్బు దొరకదు.

నత్సుహో అడుగుల చప్పుడు వినబడింది. తమాకి గబగబా మడుగు తుడిచేసింది.

"అప్పుడే తుడిచేశావా? నువ్వు లేకపోతే ఈ షెడ్డు ఏమైపోయేదో!" అంది నత్సుహో. ఆ మెచ్చుకోలు ముల్లులా గుచ్చుకుంది.

నత్సుహో ఆ రోజు వెనక షాక్ అబ్జార్బర్లు మార్చింది. బండి మళ్ళీ నున్నగా పోయింది. వారం తిరక్కుండా అవ్వ మళ్ళీ వచ్చింది. ఈసారి వేళాకోళం ఆడలేదు.

"రేపటితో తేలకపోతే ఒబిహిరోలో పెద్ద షోరూముకి తీసుకుపోతా. ఏమీ అనుకోకు పిల్లా. విరిగిన టోఫుకి బేరం ఉండదు."

భోజనాల దగ్గర నత్సుహో అన్నం కెలుకుతూ కూర్చుంది. "పెదనాన్నా, నాకీ పని రాదేమో. ఇంటికి వెళ్ళిపోనా?"

తమాకి కోరుకున్నది సరిగ్గా అదే. ఆ మాట చెవిన పడ్డాక మాత్రం సగం తిన్న గిన్నె పక్కన పెట్టి లేచింది.

తమాకి షెడ్డు తలుపులు వెయ్యడానికి వెళితే నాన్న వెనకే వచ్చాడు.

"రేపు ఆ మూల తుడవకు."

తమాకి తలుపు గడియ సర్దుతూ అడిగింది. "ఏ మూల?"

"మూడుసార్లు లేపితే గానీ లేవవు నువ్వు. మొన్న హిసాయె పిన్ని బండి ఉన్న రోజు మాత్రం అందరికన్నా ముందు లేచి కర్ర పట్టుకున్నావు. ఆ బండిలోంచి ఏం కారుతోందబ్బా అని ఆలోచించా. తెలిసిపోయింది."

"అయితే అక్కకి నువ్వే చెప్పొచ్చుగా."

"చెప్తే అది నా బండి అవుతుంది. దానిదని మాటిచ్చాను."

తమాకికి ఏడుపు తన్నుకొచ్చింది. "నాకు ఒక్క బండీ ఇవ్వలేదు నువ్వు. నా సీటు కూడా ఇచ్చేశావు."

కునిహికో వంగి పొయ్యి మంట తగ్గించాడు. "అది పని కావాలని అడిగింది, తల్లీ. నువ్వు పక్కన కూర్చున్నావు. కూర్చోవడమే నీకిష్టమనుకున్నా."

తెల్లారింది. మడుగు అలాగే ఉంది. నత్సుహో పరధ్యానంగా వచ్చి అందులో కాలు వేసింది. "అబ్బా!" అని తడిసిన బూటు ఎత్తి కిందికి చూసింది. మిగతా చక్రాల కింద చూసింది. మళ్ళీ ఇటు చూసింది. తమాకి పళ్ళు బిగబట్టుకుంది. 'నేను ముందే కనిపెట్టా' అన్న మాట నాలుక చివర ఎగురుతోంది. ఇన్నాళ్ళూ నోరు మూసుకోవడం తేలిక, ఇప్పుడే ప్రాణం మీదికి వచ్చింది.

"ఇక్కడే ఎందుకిన్ని నీళ్ళు?" నత్సుహో వంగి చక్రం వెనక చెయ్యి పెట్టింది. ఇంకా కరగని మంచు పెంకు ఒకటి ఊడి చేతిలోకి వచ్చింది. "అవ్వ బండి ఎక్కడ నిలుపుతోందో చూద్దాం!" అని అరుస్తూ టోఫు కొట్టు వైపు పరుగెత్తింది. వెనకే తమాకి.

టోఫు కొట్టు వెనక గోడకు సోయా ఉడికించే గది పొగగొట్టం ఉంది. తెల్లవారుజామున దాని ఆవిరికి కప్పు మీది మంచు కరిగి, కింద గోడ పక్కన జావలా మారుతోంది. తొట్లు ఎక్కించడానికి అవ్వ వ్యానును వెనక్కి తెచ్చి గోడకు ఆనించినప్పుడల్లా ఎడమ వెనక చక్రం సరిగ్గా అందులోనే దిగుతుంది. లోపలి అంచు నిండా జావ ఎక్కి చలికి రాయవుతుంది.

"అంటే నా టోఫుని విరగ్గొట్టింది నా టోఫేనా?" అని అవ్వ నుదురు కొట్టుకుంది. "ఇకనుంచి అటు గోడకి పెడతా. ఇదిగో, ఈ టోఫు తొట్టి ఒళ్ళో పెట్టుకుని తోలి చూడండి. ఒక్క ముక్క విరిగినా ఒప్పుకోను."

షెడ్డుకి తిరిగి రాగానే కునిహికో తాళాలు నత్సుహో వైపు విసిరాడు. "నీ బండి. నువ్వే తోలు."

"తమాకీ, ఎక్కు!"

పక్క సీటు ఖాళీగా ఉంది. తమాకి తొట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. హైవేకి అటూ ఇటూ పొలాలు తెల్లగా వెనక్కి జారుతున్నాయి. ఎనభై. తొంభై. వంద.

"నీకు కూర్చున్న చోట తెలుస్తోందా?" అంది నత్సుహో.

నాన్న మాట. అదీ తీసేసుకుంది. తమాకి ఒంట్లో నిప్పు రాజుకుంది. 'కొంచెం ఎడమ పక్క వణుకుతోంది' అంటే చాలు, నత్సుహో ముఖంలో నవ్వు ఆరిపోతుంది. తొట్టిలోకి చూసింది. టోఫు నాలుగు మూలలూ చెక్కుచెదరకుండా ఉంది. పైన నీళ్ళు సన్నగా మెరుస్తున్నాయి, అంతే.

"లేదు," అంది. కిటికీ అద్దం వైపు తిరిగి గొణిగింది. "ఈసారి వచ్చే బండి నాకిమ్మని నాన్నని అడుగుతా. తోలి చూసేటప్పుడు నువ్వు ఈ సీట్లో కూర్చోవాలి."

"కూర్చుంటా గానీ, నా నడుముకి చెవుల్లేవు. ఏం చెప్పినా నమ్మకు."

తమాకి నవ్వలేదు. నవ్వు వచ్చింది గానీ ఇవ్వదలచుకోలేదు. తొట్టిని రెండు చేతులా గట్టిగా పట్టుకుంది.