కదపరాదు

జిడ్డు బాబాయ్ ఇరవై రెండేళ్లుగా ఆ పింగాణీ కప్పుల ఫ్యాక్టరీలో కప్పులను కొలిమిలోకి మోసుకెళ్లే గొలుసుకు నూనె వేస్తున్నాడు. ఆయన అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఎవరికీ తెలియదు. అలాంటి మనిషి నూనె వేయకుండా గొలుసును పాడుచేశాడని గేటు దగ్గర నోటీసు అంటించారు. వారంలోగా తప్పు ఒప్పుకుని సంతకం పెట్టకపోతే ఉద్యోగం ఊడుతుందట. చదివేసరికి ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కింది. తాను అన్నం తినడం మరిచిన రోజులున్నాయి గానీ గొలుసుకు నూనె మరిచిన రోజు ఒక్కటీ లేదు.

అసలు సంగతి వేరు. మూడు నెలల కిందట మేనేజరు కొత్త రకం నూనె తెప్పించాడు. అందులో కంటికి ఆనని నానో రేణువుల పొడి కలిపి ఉంటుంది. కొలిమి వేడికి నూనె పలచబడినా, ఆ రేణువులు ఇనుముకూ ఇనుముకూ మధ్య దూరి రాపిడి తగ్గిస్తాయి. మాట నిజమే, మొదటి నెల గొలుసు కిక్కురుమనలేదు. కాకపోతే పొడి అడుగుకు దిగుతుంది. అందుకే బాబాయ్ రోజూ నూనె డ్రమ్మును దొర్లించేవాడు. నేల మీద మరకలు పడుతున్నాయని మేనేజరు దాన్ని గోడకు బిగించి, ‘కదపరాదు’ అని అట్ట తగిలించాడు. బాబాయ్ రెండుసార్లు వెళ్లి చెప్పాడు. చదువుకున్నవాళ్లు చేసిన నూనెకు నీ సలహాలు అక్కర్లేదని మేనేజరు నోరు మూయించాడు. పైన తేరిన ఉత్త నూనెనే పంపు తోడిపోసింది, గొలుసు బిగుసుకుపోయింది. తప్పు మాత్రం చేతికి జిడ్డున్నవాడిది! ఇదెక్కడి న్యాయం?

సంతకం పెట్టేస్తే గొడవ వదిలిపోతుంది కదా అంది భార్య.

“పెట్టి, రేపట్నుంచి ఆ గొలుసు దగ్గర ఏ మొహంతో నిలబడను?” అన్నాడు.

మర్నాడు డ్రమ్ము మూత విప్పి, కర్రతో అడుగంటా కలియబెట్టి, ఒక గాజు సీసా నింపాడు. దాన్ని నోటీసు పక్కనే మేకుకు కట్టి, డ్రమ్ము మీది అట్ట తెచ్చి దానికి తగిలించాడు. కాపలా అతను తీయబోతే, అట్ట మేనేజరుగారిది, ఆయన్నే అడగమన్నాడు.

మొదటిరోజు సీసా నిండా నలుపే. రెండోరోజుకు పైన వేలెడు మేర తేటబడింది. మూడోరోజు నుంచి షిఫ్టు మారేవాళ్లు ముందు నోటీసు చదివి, తరువాత సీసా చూసి లోపలికి వెళ్లసాగారు. ఐదోరోజుకు పైనంతా తేనె రంగు నూనె, అడుగున రెండు వేళ్ల మందాన బురద.

ఆరోరోజు మేనేజరు గదికి పిలిపించి, నోటీసు సంగతి మరిచిపొమ్మన్నాడు.

“అందరి ముందు అంటించారు సార్. అందరి ముందే తీయండి.”

షిఫ్టు మారే వేళ, అందరూ చూస్తుండగా, మేనేజరు నాలుగు మూలలూ గోళ్లతో గీకి నోటీసు ఊడదీశాడు.

“ఆ సీసా కూడా తీసేయ్,” అన్నాడు గొంతు తగ్గించి.

బాబాయ్ అట్ట వైపు చూపించి పనిలోకి వెళ్లిపోయాడు.